జగ్గయ్య పేరు నిలిపిన కుమారుడు

వేదాద్రి రేవున నిలిచి చూచినవారికి కృష్ణ రెండు సీమలను విడదీసినట్లు గాక, కలిపినట్లు కనిపిస్తుంది. కొండమీద జ్వాలా నరసింహుడు, నదిలో సాలగ్రామ నరసింహుడు, ఆలయంలో యోగానంద, లక్ష్మీ నరసింహులు. ఈవలి ఒడ్డున జగ్గయ్యపేట, నందిగామ; ఆవలి ఒడ్డున చింతపల్లి, అమరావతి. ఈ నేలలన్నీ ఒకనాడు వాసిరెడ్డివారి ఏలుబడిలోనివి. స్కాట్లండు దేశపు వంశీకులు దూరదేశాలనుండి వచ్చి తమ పూర్వుల కోటలను వెదకి దర్శించుకొంటారు. అటువంటి యాత్ర మన కృష్ణాతీరాన తలపెట్టేవారు ముందుగా తెలిసికొనవలసినది రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడి జీవితం.

గోలకొండ పాదుషాల కాలంలో నందిగామ పరగణా దేశముఖీతో ఆ వంశం తలయెత్తింది. చింతపల్లి రాజధాని అయింది. 1761లో జన్మించిన వేంకటాద్రి పసితనంలోనే తండ్రి జగ్గన్నను పోగొట్టుకొన్నాడు. తల్లి అచ్చమ్మ సహగమనం చేసినదని ఆ ప్రాంతంలో చెప్పుకొంటారు. తల్లిదండ్రుల లాలన ఎరుగని ఆ బాలుడు 1783లో సంస్థానానికి అధిపతి అయినాడు. బేతవోలు వద్ద పేట కట్టించి దానికి జగ్గయ్యపేట అని తండ్రి పేరు పెట్టినాడు. అచ్చంపేటకు తల్లి పేరు నిలిపినాడు. నేడు ఆ పేటల బడులలో చదివే పిల్లలు నిత్యమూ ఆ దంపతుల పేర్లు పలుకుతూనే ఉన్నారు. వారెవరో ఎరిగినవారు మాత్రం తక్కువ.

కాలం మారింది. 1788లో గుంటూరు సర్కారు నిజాము చేతినుండి ఇంగ్లీషు కుంపిణీ చేతికి వచ్చింది. 1802లో శాశ్వత శిస్తు ఏర్పాటు జరిగింది. తరతరాలుగా బలగంతో, తీర్పరితనంతో మెలగిన దొరలు పేష్కషు చెల్లించే భూస్వాములైనారు.

వేంకటాద్రి కీర్తికి మాయని మచ్చ ఒకటున్నది. దోపిడీలు చేస్తున్నారన్న నెపంతో చెంచులను విందుకు పిలిపించి, నమ్మి వచ్చినవారిని వందలకొలది వధింపజేసినాడని జనశ్రుతి. ఆ పిమ్మట పళ్లెంలోని అన్నం పురుగులై కనిపించేదట. ఆ పాపభీతితోనే చింతపల్లి విడిచి అమరేశ్వరుని పాదాల చెంతకు చేరినాడని ఆ కథ చెబుతుంది. పురుగుల మాట ఎట్లున్నా, తమ పాలకుడు చేసిన ద్రోహాన్ని ప్రజలు మరువలేదనుటకు ఆ కథయే సాక్షి. రాజధాని మాత్రం అమరావతికి మారింది. గుడులు కట్టించుట, దానధర్మాలు చేయుట ఆయనకు వ్రతమైనాయి. మంగళగిరిలో 1807-09 మధ్య లేచిన పదకొండు అంతస్తుల గాలిగోపురం ఆయన కట్టించినదే. దేవీభాగవతాన్ని తెలుగు చేసిన ములుగు పాపయారాధ్యుడు ఆయన ఆదరం పొందినవాడే.

కొత్త నగరానికి రాళ్లకోసం అమరావతిలోని దీపాలదిన్నెను త్రవ్వగా బౌద్ధస్తూపపు పాలరాతి శిల్పాలు బయటపడినాయి. వానిలో కొన్ని కట్టడాలలో కలిసిపోయినాయి. ఈ వార్త విని 1790ల చివర అచ్చటికి వచ్చినవాడు కాలిన్ మెకంజీ. ఆయనది స్కాట్లండులోని లూయిస్ దీవి. మెకంజీ వంశపు దొరల ఏలుబడిలోనిది ఆ దీవి. 1746లో కలోడెన్ యుద్ధంలో ఓటమి తరువాత స్కాట్లండు వంశనాయకులు కూడా తమ తీర్పరితనం పోగొట్టుకొన్నవారే. ఏలూరి కావలి సోదరుల తోడ్పాటుతో ఆయన గ్రామ కైఫీయతులను సేకరింపజేసినాడు. పూర్వుల ఊళ్లను వెదకేవారికి నేటికీ అవి చేతిదివిటీలు. ఆయన 1816లో మరల వచ్చి స్తూపశిల్పాలకు చిత్రాలు వ్రాయించినాడు. ఆ యేడే ఆగస్టులో వేంకటాద్రి కన్నుమూసినాడు.

ఆయనకు కన్నకొడుకులు లేరు. జగన్నాథబాబును, ఆ తరువాత రామనాథబాబును దత్తు తీసికొన్నాడు. వారసత్వపు తగవు లండనులోని ప్రీవీ కౌన్సిలుదాకా పోయింది. మొదటి దత్తపుత్రుడు బ్రతికియుండగా రెండవ దత్తత చెల్లదని 1846లో తీర్పు వచ్చింది. అది వచ్చేనాటికి గెలిచినవారికి దక్కే సంపద మిగులలేదు; బకాయిల క్రింద సంస్థానం కుంపిణీ పాలైంది. అంతకు రెండేండ్లముందే, 1844లో, లూయిస్ దీవి కూడా మెకంజీ దొరల చేయిజారి అమ్ముడుపోయింది.

భూమి పోయినా వంశపు పేరు పోలేదు. అదే వంశపు ముక్త్యాల రాజా రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాదుగారు నందికొండ ఆనకట్టకోసం ఎంతో శ్రమపడినారు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరానికి శంకుస్థాపన జరిగింది. నేడు ఎడమకాలువ నీరు జగ్గయ్యపేట, నందిగామ మెట్టనేలలకు చేరుతున్నది.

కనుక ఈ యాత్రకు బయలుదేరేవారు కోటలనే వెదకనక్కరలేదు. జగ్గయ్యపేటలో ఒక కుమారుని పితృభక్తి, మంగళగిరి గోపురాన ఒక రాజు ఔదార్యం, చింతపల్లిలో చెంచుల నెత్తురు, మెట్టచేలలో కాలువ నీరు. ఈ నాలుగూ చూచి వచ్చినవారే ఆ వంశచరిత్రను పూర్తిగా చదివినవారు.