హ్యూము మహాశయుడు – పక్షిపరిశోధనము

మహనీయుల జీవితములందు లోకము స్మరించు కార్యమొకటియు, వారు హృదయపూర్వకముగ ప్రేమించిన కార్యము వేఱొకటియు నగుట కలదు. అలన్ ఆక్టేవియన్ హ్యూము పేరు వినినతోడనే మన పాఠకులకు 1885వ సంవత్సరమున బొంబాయిలో జరిగిన ప్రథమ కాంగ్రెసు మహాసభ స్ఫురణకు వచ్చును. కాని యాసభకు పూర్వము దీర్ఘకాలము ఆయన మనస్సు నాకర్షించినది రాజకీయము కాదు. చెఱువుగట్లమీదను, పొలములనడుమను, కొండలోయలందును తిరుగాడు పక్షికులము. ఈ రెండు కార్యములకును నడుమ నొక సంబంధము కలదని మా విశ్వాసము. దానిని వివరించుటకే యీ జీవితకథను పాఠకుల యెదుట నుంచుచున్నాము.

హ్యూము 1829వ సంవత్సరమున జన్మించెను. తండ్రి జోసెఫ్ హ్యూము ఆంగ్లేయ పార్లమెంటునందు సంస్కరణములకై పోరాడిన సభ్యుడు. కుమారుడు 1849లో బెంగాలు సివిలు సర్వీసున చేరి, యమునా చంబలు నదులు ప్రవహించు ఇటావా జిల్లాకు వచ్చెను. అచ్చట ఆయన ఉచిత పాఠశాలలను నెలకొల్పెను. దేశభాషలో పత్రికను నడపెను. 1857 తిరుగుబాటునందు ఆయన ప్రభుత్వపక్షమున ఆయుధము పట్టినవాడు. ఆ సంగతిని మఱుగుపఱచుట చరిత్రకు న్యాయము కాదు. ఆ సంక్షోభములోనే, అంతవఱకు ఆయన కూర్చిన పక్షిసంగ్రహమంతయు నాశనమయ్యెను. మఱియొకడైనచో అంతటితో విరమించియుండును. హ్యూము శాంతి నెలకొన్నపిమ్మట తిరిగి మొదటినుండి ప్రారంభించెను.

ఇటావా ప్రాంతము సారసపక్షులకు నాడును నేడును ప్రసిద్ధమైన తావు. ఆ కాలమున ప్రతి శీతకాలమునందును అచ్చటి మడుగులకు సుదూరమైన ఉత్తరదేశములనుండి తెల్లని సైబీరియా క్రౌంచములు కూడ వచ్చి వాలుచుండెడివి. దారినపోవు అధికారి కన్నులకు అవి తెల్లకొంగలు; అంతకుమించి యేమియు లేదు. హ్యూము వాని యాహారమేమి, పిల్లను వెంటబెట్టుకొని తల్లిదండ్రు లెట్లు మెలగును, ఎట్టి నీటిని కోరును అను విషయములను ఓర్పుతో పరికించి, 1868లో లండనునందలి పక్షిశాస్త్ర పత్రికయైన ఐబిస్‌లో ప్రకటించెను. ఒక జిల్లాలోని కొన్ని మడుగులను శ్రద్ధతో చూచినవాడు లోకమునకు క్రొత్తసంగతి చెప్పగలడనుటకు ఇది యొక నిదర్శనము.

1867లో ఆయన దేశాంతర సుంకములశాఖకు కమిషనరయ్యెను. ఉప్పుమీది పన్నును వసూలు చేయుటకై ఉత్తరమునుండి దక్షిణమునకు దేశమును చీల్చుచు పెంచిన ముండ్లకంచె ఆయన పర్యవేక్షణమున నుండెను. 1930లో ఉప్పుపన్నునే ఎదిరించి నిలిచిన మహాసంస్థకు బీజము వేసినవాడు ఒకప్పుడు ఆ పన్నుకు కావలివాడై యుండుట విధివిలాసము. ఐనను ఆ ఉద్యోగపు పర్యటనములు ఆయనకు విశాలమైన పక్షిలోకమును చూపెను. ఆ సంవత్సరమే సట్లెజు లోయలో రాంపూరు సమీపమున ఆయనకొక చిన్న పిట్ట దొరకెను. ముక్కు కొంచెము పెద్దది. తక్కిన రెల్లుపిట్టలతో సరిపోలదు. ఆయన దానిని తేదీతోను స్థలముతోను భద్రపఱచెను. అట్టి పిట్ట మరల సజీవముగ గుర్తింపబడినది 2006లో, థాయిలాండు దేశమున. ఆ నూటముప్పదితొమ్మిది యేండ్లును ఆ జాతి యున్నదనుటకు ఆయన దాచిన యా యొక్క పిట్టయే ఆధారమయ్యెను.

1872లో హ్యూము స్ట్రే ఫెదర్స్, అనగా చెదరిన యీకలు, అను పత్రికను ప్రారంభించెను. ఇదియే ఆయన పక్షిపరిశోధనమునకు ప్రాణము. ఇంతటి దేశమును ఒక్కడు చూడజాలడని ఆయన గ్రహించెను. ఎవరు ఏయూర నున్నారో వారు ఆయూరి పక్షులను చూచి వ్రాయవలెను. వ్రాసినదానిని ఒకచోట చేర్చి సరిచూడవలెను. ఇదియే ఆయన పద్ధతి. సాంబారు ఉప్పుసరస్సుచెంత ఉద్యోగము చేయుచున్న ఆడము ఆ సరస్సు పక్షులను గూర్చి వ్రాసెను. బట్లరు ఆబూపర్వతమును, ఉత్తర గుజరాతును వర్ణించెను. ఓట్సు పెగూనుండి వార్తలు పంపెను. భూగర్భశాస్త్రజ్ఞుడైన బాలు రాజమహలు కొండలు మొదలు మన గోదావరీలోయవఱకు గల గిరిప్రాంతముల పక్షులను గూర్చి 1878లో విపులముగ వ్రాసెను. బ్లూయిటు మధ్యపరగణాలలో సంపాదించి పంపిన చిన్న గుడ్లగూబను హ్యూము 1873లో ఆతని పేరిటనే లోకమునకు ప్రకటించెను. సైనికుడు, వైద్యుడు, ఇంజనీరు, అటవీయుద్యోగి, వీరందఱును తమతమ తావులయందు చూపునిలిపి చూచినవారు. సంపాదకుడు వారిని పొగడెను, తప్పులు చూపి మందలించెను, తగవులాడెను. కాని ఒకరి చూపును మఱియొకరి చూపుతో ముడివేసెను.

ఇచ్చట మేము రెండు లోపములను చెప్పక తప్పదు. ఆ కాలపు పక్షిశాస్త్రము తుపాకితో నడచినది. పక్షిని ఎఱుగుటయన పక్షిని చంపుటయే. హ్యూము సంగ్రహము వేలకొలది ప్రాణములను బలిగొన్నది. రెండవది: అడవి దారులెఱిగి పక్షి తావును చూపిన వేటకాండ్రు, చర్మములొలిచి ఎండించి సిద్ధపఱచిన పనివాండ్రు మన దేశస్థులు. వారిలో అనేకుల పేరులు గ్రంథములకెక్కలేదు. వారి నేర్పు లేక ఆ సంగ్రహము లేదు. మొదటి లోపమును హ్యూము స్వయముగ దిద్దుకొనెను. దివ్యజ్ఞానసమాజ ప్రభావమున ఆయన శాకాహారియై జీవహింసను విడిచెను. రెండవదానిని దిద్దువారు నేటికిని కావలసియున్నారు.

ప్రభుత్వముతో ఆయనకు పొసగలేదు. వ్యవసాయశాఖ కార్యదర్శియై యుండగా నిర్భయముగ అభిప్రాయములు చెప్పుటచే 1879లో ఆ పదవినుండి తొలగింపబడి క్రిందికి దింపబడెను. 1882లో ఉద్యోగము విడిచి సిమ్లాలోని స్వగృహమైన రాత్నీ కాసిలునందు నిలిచెను. భారతదేశ పక్షులన్నిటిని గూర్చి మహాగ్రంథము వ్రాయవలెనని ఇరువదియేండ్లకుపైగా కూర్చిన వ్రాతలు ఆ యింట నుండెను. ఆయన ఊర లేని సమయమున ఒక సేవకుడు ఆ కాగితములను చిత్తుకాగితములుగ బజారున అమ్మివేసెను. పొట్లములై పోయిన ఆ విజ్ఞానము మరల దొరకలేదు. గుండె పగిలిన హ్యూము 1885లో తన సంగ్రహమునంతను లండనునందలి మ్యూజియమునకు దానమిచ్చెను. చర్మములు, గ్రుడ్లు కలిసి దాదాపు 82,000 వస్తువులు బరువైన పెట్టెలలో కొండదారిని దిగి ఓడయెక్కినవి. అవి నేటికిని ఇంగ్లండులోనే యున్నవి. మన దేశపు పక్షుల పూర్వచరిత్రను వెదకు విద్యార్థి సముద్రము దాటవలసియుండుట మనకు విచారకరమైన సంగతియే.

ఆ 1885 డిసెంబరు 28వ తేదీననే బొంబాయిలో కాంగ్రెసు సమావేశమయ్యెను. డెబ్బదియిరువురు ప్రతినిధులు వచ్చిరి. మన ఆనందాచార్యులుగారు వారిలో నొకరు. అంతకు రెండేండ్లముందు హ్యూము కలకత్తా విశ్వవిద్యాలయ పట్టభద్రులకు బహిరంగలేఖ వ్రాసియుండెను. పాఠకులు గమనింతురుగాక: లేఖలు వ్రాయుట, ఊరూర నున్న శ్రద్ధావంతులను గుర్తించుట, ఒకరినొకరెఱుగనివారిని ఒకచోట చేర్చుట, ఇవి ఆయన పక్షులకై పండ్రెండేండ్లు అభ్యసించిన విద్యలే. కాంగ్రెసుకు కారకుడు ఆయన యొక్కడే యనుట సరికాదు. దేశనాయకులు అప్పటికే మార్గము సిద్ధపఱచియుండిరి. కాని చెదరినవానిని కూర్చు నేర్పు ఆయన చెఱువుగట్లవద్ద నేర్చినది. 1894లో ఆయన స్వదేశమునకు మరలి, ముసలితనమున మొక్కలను ప్రేమించి, 1910లో దక్షిణ లండనున వృక్షశాస్త్ర విద్యాలయమును స్థాపించి, 1912 జూలై 31న దివంగతుడయ్యెను.

హ్యూము జీవితమునుండి మన మేమి గ్రహింపవలెను? ఇటావా మడుగులందు ఆయన చూచిన సైబీరియా క్రౌంచములు నేడు మన దేశమునకు వచ్చుట లేదు. కడపటి జంట భరతపురమునందు కానవచ్చినది 2002లో. అవి ఒకప్పుడు అచ్చట నిలిచి ఏమి తినెనో, ఎట్లు బ్రతికెనో నేడు మనకు చెప్పునవి ఆయనవంటివారు ఆనాడు వ్రాసియుంచిన మాటలే. వ్రాయనిచో వచ్చినట్లును తెలియదు, పోయినట్లును తెలియదు. తెలియని నష్టమునకు దుఃఖించువారును లేరు, దానిని ఆపువారును లేరు.

నేడు తుపాకితో పనిలేదు. ఒక దూరదర్శిని, ఒక నోటుపుస్తకము, ప్రతిదినము ఒక గంట తీరిక చాలును. మన యూరి చెఱువునకు ఏ నెలలో ఏ పక్షి వచ్చెను, ఎన్ని వచ్చెను, ఎప్పుడు మరలిపోయెను అను లెక్కను ఏటేట వ్రాయు ఉపాధ్యాయుడో, రైతో, విద్యార్థియో ప్రతి గ్రామమున ఒక్కడు చాలును. చెఱువు పూడ్చుటకు ఎవరైన వచ్చినపుడు ఆ లెక్కయే గ్రామము పక్షమున సాక్ష్యము పలుకును. ఆ పుస్తకములను మాత్రము చిత్తుకాగితములలో కలియనీయక, గ్రామ గ్రంథాలయమునందు భద్రపఱుప వేడుచున్నాము.