శరణార్థుల కమిషనర్ మెక్‌డొనాల్డ్ గారు

జేమ్స్ మెక్‌డొనాల్డ్ గారు 1886లో అమెరికా దేశమందలి ఒహాయో రాష్ట్రములో, కోల్డ్‌వాటర్ అను చిన్న ఊరిలో జన్మించిరి. కొంతకాలము చరిత్ర బోధించి, పిదప న్యూయార్కులో విదేశీ వ్యవహారములను చర్చించు ఒక సంఘమునకు అధ్యక్షులైరి. జర్మను భాష వారికి బాగుగా వచ్చును. 1933లో హిట్లర్ అధికారమునకు వచ్చిన తొలి నెలలలోనే బెర్లిన్ వెళ్లి అతనిని కలిసికొని, యూదులకు రానున్న ఆపదను చాలమందికంటె ముందుగా గ్రహించిరి.

ఆ అక్టోబరులో నానాజాతి సమితి వారిని జర్మనీనుండి వచ్చు శరణార్థులకు హైకమిషనరుగా నియమించెను. పేరు పెద్దదే. అయితే జర్మనీకి ఆగ్రహము కలుగకూడదని ఆ కార్యాలయమును సమితికి వెలుపల, లొసాన్ పట్టణములో పెట్టిరి. ఖర్చులకు ముఖ్యముగా యూదు ధర్మసంస్థల విరాళములే ఆధారము. ఆయన యూరపు రాజధానుల గడపలు ఎక్కి దిగిరి. 1935లో దక్షిణ అమెరికాకును వెళ్లిరి. ప్రతిచోట మర్యాదకు లోటు లేదు. మా దేశములోనే నిరుద్యోగులున్నారు అనునది అందరి జవాబు. ఆయన స్వదేశము మాత్రము మేలా? జర్మనీ వారికి అమెరికా చట్టము ఏటా 25,957 వీసాలకు అవకాశమిచ్చినను, 1933 నుండి 1937 వరకు ఏ ఒక్క యేడును అవి పూర్తిగా ఇయ్యబడలేదు.

1935 సెప్టెంబరులో న్యూరెంబర్గు చట్టములు వచ్చినవి. యూదుల పౌరసత్వ హక్కులు పోయెను. తాత అవ్వలు ఎవరని చూచిరిగాని, మనిషి విశ్వాసమును చూడలేదు. కనుక బాప్తిస్మము పొంది సంఘములలో కూర్చుండిన వారును యూదులుగానే లెక్కింపబడిరి. మన పాఠకులు ఇచ్చట కొంచెము ఆగి ఆలోచింపవలెను.

అప్పటికి 80 వేలమందికి పైగా దేశము విడిచియుండిరి. వారిలో సుమారు మూడింట రెండు వంతులకు ఎక్కడనో ఒకచోట నిలువ నీడ దొరికెను, పాలస్తీనాలోనే ఎక్కువమందికి. అయినను వచ్చినవారిని సర్దుచుండుటయేగాని, వారిని తరుముచున్న చేతిని పట్టుకొనువారు లేరని మెక్‌డొనాల్డ్ గారికి తేటపడెను. 1935 డిసెంబరు 27న రాజీనామా చేసిరి. ఆ లేఖకు జర్మనీ చట్టములను, ఉత్తరువులను వివరించు దీర్ఘమైన అనుబంధము జతపరచిరి. సమితియే జర్మనీని నిలదీయవలెనని కోరిరి. పత్రికలు దానిని విరివిగా ప్రకటించెను. సమితి మరియొక కమిషనరును నియమించి ఊరకుండెను. ఉద్యోగములో ఉండియే పోరాడవలసినదని కొందరందురు. నాకు అట్లు తోచదు. చేతులు కట్టిన ఉద్యోగములో ఆ మాటలు ఆయన బహిరంగముగా పలుకజాలకపోయెడివారు.

1938 జూలైలో ఫ్రాన్సులోని ఎవియాన్‌లో 32 దేశములు కూడినప్పుడు ఆయన అమెరికా పక్షమున సలహాదారు. పెద్ద సంఖ్యలో చేర్చుకొందుమని చెప్పినది చిన్న డొమినికన్ రిపబ్లిక్ ఒక్కటే. యుద్ధానంతరము ఇశ్రాయేలుకు అమెరికా మొదటి రాయబారియై, 1964లో మరణించిరి. ఆయన చెప్పి వ్రాయించుచు వచ్చిన దినచర్యలు 2007 నుండి సంపుటములుగా అచ్చయినవి.