మనసు కంటే ముందు నడిచిన ఉత్తర్వు

మనుషుల మనసులు మారనిదే వివక్ష పోదని, అంతవరకూ చట్టాలతో ఒరిగేదేమీ లేదని వాదించేవారు మన సమాజంలో ఎప్పుడూ ఉన్నారు. తరగతి గదిలో ఈ వాదన ఎదురైనప్పుడల్లా నేను అమెరికా 33వ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ జీవితాన్ని గుర్తుచేస్తాను.

1884లో మిస్సోరీ రాష్ట్రంలోని లామర్‌లో పుట్టిన ట్రూమన్‌ది రైతు కుటుంబం. తాతల కాలంలో ఆ ఇంట బానిసలు ఉండేవారు. అంతర్యుద్ధంలో ఆ కుటుంబ సానుభూతి దక్షిణాది పక్షానే. నల్లజాతీయులను కించపరిచే మాటలు ఆయన సొంత ఉత్తరాల్లోనే కనిపిస్తాయి. 1945 ఏప్రిల్‌లో రూజ్‌వెల్ట్ మరణంతో ఆయన అధ్యక్షుడయ్యారు. యుద్ధం ముగిశాక ధరలు పెరిగాయి, సమ్మెలు వెల్లువెత్తాయి. 1946 ఎన్నికల్లో కాంగ్రెస్ ఉభయసభలూ రిపబ్లికన్ల వశమయ్యాయి. కార్మిక సంఘాలను కట్టడి చేసే టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం 1947లో ఆయన వీటోను తోసిరాజని అమల్లోకి వచ్చింది. జాతీయ ఆరోగ్య బీమా ప్రతిపాదన నెగ్గలేదు.

ఇన్ని చిక్కుల నడుమ ఆయనను కదిలించింది ఐజాక్ వుడార్డ్ ఉదంతం. 1946 ఫిబ్రవరిలో సైన్యం నుంచి విడుదలై యూనిఫాంతోనే ఇంటికి బయలుదేరిన ఈ నల్లజాతి సైనికుణ్ణి దక్షిణ కరోలినాలో పోలీసులు బస్సు దింపి కొట్టారు. రెండు కళ్లూ పోయాయి. నిందితుడైన పోలీసు అధికారిని పూర్తిగా తెల్లవారితో నిండిన జ్యూరీ నిర్దోషిగా వదిలేసింది. ఆ డిసెంబరులో ట్రూమన్ పౌరహక్కుల కమిటీని నియమించారు. దాని సిఫారసుల ఆధారంగా 1948 ఫిబ్రవరిలో కాంగ్రెస్‌కు సందేశం పంపారు: మూకహత్యల నిరోధక చట్టం, ఓటుకు పన్ను రద్దు, ఉద్యోగాల్లో వివక్షపై నిషేధం కోరారు. సొంత పార్టీలోని దక్షిణాది సభ్యులు అడ్డుపడ్డారు. ఒక్క బిల్లూ నెగ్గలేదు.

అయితే సైన్యానికి సర్వసేనాని అధ్యక్షుడే. వేరు చేసి నిలబెట్టే సైన్యంలో చేరవద్దని యువకులకు పిలుపునిస్తానని నల్లజాతి కార్మిక నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ హెచ్చరించారు. ఉత్తరాది నగరాల్లో నల్లజాతి ఓట్లు కూడా కీలకమయ్యాయి. 1948 జూలై 26న ట్రూమన్ 9981 సంఖ్యగల ఉత్తర్వుపై సంతకం చేశారు. సైన్యంలో అందరికీ సమాన అవకాశం, సమాన గౌరవం దాని సారం. పార్టీని చీల్చిన దక్షిణాది అభ్యర్థి స్ట్రామ్ థర్మండ్ నాలుగు రాష్ట్రాలు గెలిచినా, నవంబరులో ట్రూమన్ 303 ఎలక్టోరల్ ఓట్లతో నెగ్గారు.

ఉత్తర్వులో వేర్పాటు అన్న మాట లేదు. ఆ సందు చూసుకుని సైనికాధికారులు కాలయాపన చేశారు. అమలును పర్యవేక్షించేందుకు ఛార్లెస్ ఫాహీ నేతృత్వంలో నియమించిన కమిటీ వెంటపడటంతో 1950లో నల్లజాతీయుల ప్రవేశంపై పరిమితి తొలగింది. కొరియా యుద్ధ అవసరాలు మిగతా పని చేశాయి. 1954 నాటికి వేర్వేరు దళాల పద్ధతి ముగిసింది.

ట్రూమన్‌ను మహాత్ముణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. 1947లో ఆయనే ప్రవేశపెట్టిన విధేయతా పరీక్షలు ఎందరో ఉద్యోగులను అనుమానితులుగా నిలబెట్టాయి. 1960లో హోటళ్లలో నల్లజాతి విద్యార్థులు చేసిన బైఠాయింపులను ఆయన తప్పుపట్టారు. 1972లో కన్నుమూసేనాటికి కూడా ఆయన మనసు పూర్తిగా మారిందని నేను చెప్పలేను. ఉత్తర్వు మాత్రం నిలిచింది.

ఆ ఉత్తర్వు వచ్చిన నాలుగు నెలలకు, 1948 నవంబరు 29న, మన రాజ్యాంగసభ అస్పృశ్యతను రద్దుచేసే అధికరణను ఆమోదించింది. అదే నేటి 17వ అధికరణ. అంబేడ్కర్ కూడా అగ్రవర్ణాల హృదయ పరివర్తన కోసం ఎదురుచూడమనలేదు, హక్కును రాజ్యాంగంలో రాయించారు. మనకు కొరవడింది రాత కాదు, ఫాహీ కమిటీలా అమలును వెంటాడే యంత్రాంగం. దాన్ని కదిలించాల్సింది రాండాల్ఫ్ వంటి ఉద్యమకారుల ఒత్తిడే. పాలకుడి మంచితనం మీద ఆధారపడిన హక్కు, ఆ పాలకుడితోనే పోతుంది.