పేరు చెక్కని సమాధి: రాక్ అండ్ రోల్‌కు బాట వేసిన రోసెట్టా థార్ప్

రాక్ అండ్ రోల్ అనగానే ఎల్విస్ ప్రెస్లీ, చక్ బెర్రీల పేర్లు స్ఫురిస్తాయి. ఎల్విస్ తొలి రికార్డు వెలువడింది 1954లో. అంతకు 16 ఏళ్ల ముందే గిటారు చేతబట్టి, ఆ సంగీతానికి పునాది వేసిన నల్లజాతి మహిళ సిస్టర్ రోసెట్టా థార్ప్. ఆమెకు దక్కవలసిన గౌరవం మాత్రం మరణానంతరం చాలాకాలానికి గాని దక్కలేదు.

రోసెట్టా 1915 మార్చి 20న అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో కాటన్ ప్లాంట్ అనే చిన్న ఊళ్లో జన్మించారు. తల్లిదండ్రులు పత్తి ఏరే కూలీలు. తల్లి కేటీ బెల్ మాండొలిన్ వాయిస్తూ, పాటలు పాడుతూ సువార్త ప్రకటించేవారు. నాలుగేళ్ల ప్రాయంలోనే గిటారు పట్టిన రోసెట్టా, ఆరేళ్లకు తల్లి వెంట ఊరూరా తిరిగి పాడసాగారు. తరువాత తల్లీకూతుళ్లు షికాగో నగరం చేరారు. 1934లో థామస్ థార్ప్ అనే బోధకునితో వివాహమైంది. ఆ దాంపత్యం నిలువలేదు గాని, ఆయన ఇంటిపేరు మాత్రం ఆమె పేరులో నిలిచిపోయింది.

1938లో ఆమె న్యూయార్క్ చేరి, డెక్కా సంస్థకు తొలి రికార్డులు ఇచ్చారు. కాటన్ క్లబ్‌లో పాడారు. ఆ ఏడాది డిసెంబరులోనే ప్రసిద్ధ కార్నెగీ హాలు వేదిక ఎక్కారు. మద్యం, నృత్యాల నడుమ ఆరాధన గీతాలు పాడడం సంఘంలోని విశ్వాసులు పలువురికి రుచించలేదు. విమర్శలు వచ్చినా ఆమె భక్తి గీతాలను వీడలేదు. వాటిలోని లయవేగాన్నీ తగ్గించలేదు.

1944లో పియానో వాద్యకారుడు శామీ ప్రైస్‌తో కలిసి ఆమె రికార్డు చేసిన గీతం మరుసటి ఏడాది, నల్లజాతివారి సంగీతానికి బిల్‌బోర్డ్ పత్రిక వేరుగా ప్రకటించే జాబితాలో రెండవ స్థానానికి చేరింది. దానినే తొలి రాక్ అండ్ రోల్ రికార్డుగా భావించేవారు ఉన్నారు. 1947లో జార్జియా రాష్ట్రంలోని మేకన్ పట్టణంలో, తన కచేరీకి ముందు ఒక బాలుని గానం విని, అతనిని వేదికపై పాడించారు. ఆ బాలుడే తదుపరి కాలంలో లిటిల్ రిచర్డ్‌గా పేరొందారు.

కీర్తి పెరిగినా వర్ణవివక్ష తొలగలేదు. దక్షిణాది రాష్ట్రాలలో హోటళ్లు గది ఇవ్వనందున, ప్రయాణించే బస్సులోనే నిద్రించవలసి వచ్చేది. అటువంటి రోజులలోనే, 1951 జులై 3న వాషింగ్టన్‌లోని క్రీడామైదానంలో జరిగిన ఆమె వివాహానికీ కచేరీకీ సుమారు 25,000 మంది టికెట్లు కొని వచ్చారు.

కొత్త తరం గాయకులు ముందుకు రావడంతో స్వదేశంలో ఆమెకు ఆదరణ సన్నగిల్లింది. ఐరోపా మాత్రం ఆదరించింది. 1964లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో, మూతపడిన రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారంపై, వాన వెలసిన తడిలో ఆమె ఇచ్చిన కచేరీని టెలివిజన్ చిత్రీకరించింది. 1970లో పక్షవాతం సోకింది. మధుమేహం వల్ల ఒక కాలు తీసివేయవలసి వచ్చింది. 1973 అక్టోబరు 9న ఫిలడెల్ఫియాలో, 58వ ఏట కన్నుమూశారు. అక్కడి నార్త్‌వుడ్ శ్మశానవాటికలో ఆమెను ఖననం చేసిన చోట పేరు చెక్కిన రాయి కూడా నిలువలేదు.

1998లో అమెరికా తపాలా శాఖ ఆమె చిత్రంతో బిళ్ల విడుదల చేసింది. 2008లో పెన్సిల్వేనియా రాష్ట్రం జనవరి 11ను ఆమె పేరిట ప్రకటించింది. అభిమానులు కచేరీ జరిపి నిధులు సమకూర్చిన తరువాతనే సమాధిపై శిల నిలిచింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1986లో, తొలి ఏటనే, ఎల్విస్, చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్‌లను సత్కరించింది. రోసెట్టాకు ఆ గౌరవం దక్కింది 2018లో, అంటే మరో 32 ఏళ్లకు.

తాను వేదిక ఎక్కించిన బాలుని పేరు ఆ సభలో తొలి ఏటనే చేరగా, ఆమె పేరు అంత ఆలస్యంగా చేరింది. బాట వేసినవారిని వారు బ్రతికి ఉండగానే గుర్తించడం సమాజం నేర్వవలసిన పాఠం.