ఆ కొండకు ఐదొందల ప్రయాణాలు!

కాలిఫోర్నియాలో కార్మెల్ నుంచి శాన్ సిమియన్ వరకూ కారులో వెళ్తుంటే ఒకపక్క నిట్టనిలువు కొండలు, మరోపక్క పసిఫిక్ సముద్రం! దారి చివర కొండమీద హర్స్ట్ కోట. అందరూ కోటను మెచ్చుకుంటారు. నేనైతే కట్టించిన ఆసామిని కాదు, కట్టిన జూలియా మోర్గాన్‌ని మెచ్చుకుంటాను.

1872లో పుట్టిన ఈవిడ, ఆడవాళ్లను చేర్చుకోని పారిస్ కళాశాలలో పట్టుబట్టి 1898లో సీటు సంపాదించారు. 1904లో కాలిఫోర్నియాలో లైసెన్సు పొందిన తొలి మహిళా ఆర్కిటెక్ట్ అయ్యారు. ఇప్పుడు మనం మురిసిపోయే ఆ రోడ్డు 1937లోగానీ తెరవలేదు. ఆవిడేమో 1919 నుంచే శని, ఆదివారాల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రైలెక్కి, శాన్ లూయిస్ ఒబిస్పోలో దిగి, కారులో కొండకు చేరేవారు. అలా 500 సార్లకు పైనే! మనకది విహారం, ఆవిడకు ఉద్యోగం.

1957లో కన్నుమూశారు. అమెరికా ఆర్కిటెక్టుల సంఘం బంగారు పతకం ఇచ్చింది మాత్రం 2014లో! అది దక్కిన తొలి మహిళ ఆవిడే. బతికుండగా ఇస్తే ఎంత బావుండేది!