ఆచార్య కానూరి లక్ష్మణరావుగారు

కృష్ణామండలమునందలి కంకిపాడులో 1902వ సంవత్సరము జూలై 15వ తేదీన శ్రీ కానూరి లక్ష్మణరావుగారు జన్మించిరి. తొమ్మిదవ యేట తండ్రి గతించెను. పాఠశాలలో ఆడుకొనుచుండగా దెబ్బ తగిలి ఒక కంటిచూపు పోయెను. ఒంటికంటితో పటములు గీయవలసిన విద్యను ఎంచుకొనుట ఎంతటి సాహసమో పాఠక మహాశయులు ఊహింపగలరు.

లోకులు ఆయనను కేంద్రమంత్రిగాను, నాగార్జునసాగర నిర్మాతలలో ఒకరుగాను ఎరుగుదురు. విద్యార్థిగా, అధ్యాపకులుగా ఆయన చేసిన కృషిని తలచువారు తక్కువ. కావున ఇచ్చట దానినే కొంత విస్తరించుచున్నాను.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెటు ముగించి, గిండీ ఇంజనీరింగు కళాశాలలో పట్టభద్రులైరి. అంతటితో తృప్తి చెందలేదు. మద్రాసు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగులో మాస్టరు పట్టమందిన మొదటి విద్యార్థి ఆయనయే. బర్మాదేశమున రంగూనులో ఆచార్యపదవి నిర్వహించిరి. రంగూను అన్నంతనే మన ఉత్తర కోస్తావారికి వేరొక జ్ఞాపకము కలుగును. కళింగపట్నము, భీమునిపట్నము రేవులలో ఓడలెక్కి, అచటి బియ్యపు మిల్లులలో మూటలు మోయుటకు పోయిన మన పూర్వులు ఎందరో! అట్టి నగరమున ఒక తెలుగువాడు ఆచార్యపీఠమెక్కి కట్టడశాస్త్రము బోధించెను.

1939లో ఇంగ్లండునందలి బర్మింగుహాము విశ్వవిద్యాలయము ఆయనకు డాక్టరేటు నొసగెను. అప్పటికి వయస్సు ముప్పదియేడు దరిదాపు. ఆ దేశముననే సహాయాచార్యులుగా బోధించిరి. ఇనుపచువ్వలు పొదిగిన కాంక్రీటును గూర్చి గ్రంథము రచించిరి. కాంక్రీటు అదుమును ఓర్చును గాని లాగుడును ఓర్వజాలదు. లాగుడును భరించునది ఇనుము. చువ్వ ఎచట, ఎంత లావున ఉండవలెనో గణించుటయే ఆ శాస్త్రము. మన భావనపాడు వంటి తీరగ్రామములలో ఉప్పుగాలికి లోని చువ్వ త్రుప్పుపట్టి ఉబ్బి, పైపెచ్చులు రాలుట చూచినవారికి ఆ గణితము విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

స్వదేశమునకు మరలి మద్రాసు ప్రభుత్వమున ఆకృతుల ఇంజనీరుగా పనిచేసిరి. 1950లో ఢిల్లీకి పోయి, 1954లో కేంద్ర జల, విద్యుత్ కమిషనులో చీఫ్ ఇంజనీరైరి.

నందికొండకడ కృష్ణపై ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన గావించిరి. ఉత్తరదేశమున భాక్రా ఆనకట్ట కాంక్రీటుతో, భారీయంత్రములతో లేచుచున్న దినములవి. ఇచ్చటనో ధనమునకు కొరత. కాంక్రీటుపై గ్రంథము వ్రాసిన ఈ పండితుని సాంకేతిక నాయకత్వమున నందికొండలో లేచినది రాతికట్టడము! ఆలోచించినచో ఇందు వింత లేదు. అట్టి ఆనకట్ట తన బరువుచేతనే నీటి త్రోపుడును నిలువరించును. బరువు కావలసినచోట రాయి చాలును. రాతిని మోయుటకు, పేర్చుటకు మనకు చేతులు కలవు. వేలాది శ్రమజీవులు సుమారు 124 మీటర్ల ఎత్తున దానిని నిలిపిరి. 1967 ఆగష్టు 4న కాలువలకు నీరు విడిచిరి. తాను పేరుగాంచిన విద్యను పట్టుపట్టి ఎల్లెడల ప్రయోగింపకుండుట ఆయన పాండిత్యమునకు గీటురాయి యని నా యభిప్రాయము.

1962లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికైరి. మరుసటి సంవత్సరమే కేంద్రమంత్రులైరి, పద్మభూషణ పురస్కారమును అందుకొనిరి. 1972లో గంగా కావేరీ సంధానమును ప్రతిపాదించిరి. పాట్నాకడ గంగనుండి అరువదివేల క్యూసెక్కులను ఏటా సుమారు 150 దినములు మళ్లించి, 2640 కిలోమీటర్ల కాలువలో దక్షిణమునకు తెచ్చుట అందలి సంకల్పము. దారిలో ఆ నీటిని 549 మీటర్ల ఎత్తునకు పంపులతో ఎక్కింపవలెను. కేంద్ర జలసంఘము పరిశీలించి, వ్యయము చాల తక్కువగా అంచనా వేయబడినదనియు, దేశము భరింపజాలదనియు తేల్చెను. జీవితమంతయు లెక్కలతో గడిపిన వారికి ఆ తీర్పు ఎంత కష్టము కలిగించియుండునో! అయినను నదుల సంధానమును గూర్చిన చర్చ వచ్చినప్పుడెల్ల నేటికిని ఆయన పేరు వినబడుచునే యున్నది.

1986 మే 18న ఆయన పరమపదించిరి. నాగార్జునసాగరమునకు దిగువను పులిచింతలకడ కృష్ణపై నిర్మించిన జలాశయము డాక్టరు కె.ఎల్. రావు సాగరమను పేర వెలయుచున్నది.