ఎముకల బూడిదలో పుట్టిన మందుల కర్మాగారం
ఆచార్య ప్రఫుల్ల చంద్ర రే జీవిత విశేషాలు

కలకత్తా శివారు మానిక్‌తలాలో ఒక అర్ధరాత్రి పెద్ద మంట లేచింది. గస్తీ తిరుగుతున్న పోలీసులు పరుగున వచ్చారు. ఎవరినో చంపి శవాన్ని గుట్టుచప్పుడు కాకుండా తగలబెడుతున్నారని వారి అనుమానం. పొడుగాటి వెదురు కర్రతో మంటను కెలికి చూశారు. తీరా చూస్తే లోపల ఉన్నవి గొడ్ల ఎముకలు. వాటిని కాల్పిస్తున్న మనిషి హంతకుడు కాదు. ప్రెసిడెన్సీ కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పే పంతులుగారు. ఎడింబరోలో చదివి డాక్టరేటు తెచ్చుకున్న పండితుడు. ఆయనే ప్రఫుల్ల చంద్ర రే.

ఆ ఎముకల బూడిదే తరువాతి కాలంలో బెంగాల్ కెమికల్ అనే పెద్ద మందుల కర్మాగారానికి పునాది అయింది. మన దేశంలో ఆధునిక రసాయన పరిశ్రమకు దారి వేసిన తొలి సంస్థల్లో అదొకటి. ఫినైలు, కలరా ఉండలు, దగ్గు మందు వంటి వస్తువులు సీమ నుంచి ఓడలో దిగితేనే దొరికే రోజుల్లో, వాటిని ఇక్కడే చేయవచ్చునని చేసి చూపిన ఘనత రే గారిది.

రారులి నుంచి ఎడింబరోకు

రే గారు 1861 ఆగస్టు 2న రారులి అనే పల్లెలో జన్మించారు. కపోతాక్షి నది ఒడ్డున ఉన్న ఆ ఊరు అప్పట్లో జెస్సోర్ జిల్లాలో ఉండేది. తరువాత ఖుల్నా జిల్లాలో చేరింది. నేడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి హరిశ్చంద్ర రే జమీందారు. పారశీకం వచ్చినవారు, ఇంట్లో పుస్తక భాండాగారం పెట్టుకున్నవారు, ఊళ్లో బడి పెట్టించినవారు. తల్లి భువనమోహినీ దేవి. పిల్లల చదువు కోసం తండ్రి 1870లో కుటుంబాన్ని కలకత్తాకు మార్చారు. కుర్రవాణ్ణి హేర్ స్కూలులో చేర్చారు.

1874లో ప్రఫుల్ల చంద్రకు తీవ్రమైన రక్త విరేచనాలు పట్టుకున్నాయి. బడి మానేయవలసి వచ్చింది. ఆ జబ్బు అప్పటికి తగ్గినా జీర్ణశక్తి మాత్రం జీవితాంతం కోలుకోలేదు. అయితే మంచాన ఉన్న ఆ కాలం వృథా పోలేదు. తండ్రి పుస్తకాలన్నీ చదివేశాడు. మహనీయుల జీవిత చరిత్రలు చదివాడు. లాటిన్ నేర్చుకున్నాడు. అచ్చు పనివాడుగా జీవితం ఆరంభించి శాస్త్రజ్ఞుడైన అమెరికా దేశస్థుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ కథ అతని మనసులో నాటుకుపోయింది.

తరువాత ఈశ్వరచంద్ర విద్యాసాగర్ స్థాపించిన కాలేజీలో చేరాడు. ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లి రసాయన శాస్త్రం పాఠాలు వినేవాడు. అప్పటికే తండ్రి ఆస్తి కరిగిపోతోంది, అప్పులు పెరుగుతున్నాయి. సీమకు పంపే స్తోమత ఆ ఇంటికి లేదు. అందుకని ఇంట్లో పెద్దగా చెప్పకుండానే గిల్‌క్రిస్ట్ స్కాలర్‌షిప్ పరీక్షకు కూర్చున్నాడు. 1882లో అది దక్కింది. ఎడింబరో విశ్వవిద్యాలయంలో క్రమ్ బ్రౌన్ అనే ఆచార్యుని వద్ద చదివి 1885లో బి.ఎస్సీ., 1887లో డి.ఎస్సీ. పట్టాలు పొందారు. అక్కడ ఉండగానే ఆంగ్లేయ పాలనలో మన దేశం స్థితిగతులపై ఒక వ్యాసం రాసి, ఏలేవారి తప్పులను ఏలేవారి గడ్డ మీదే ఎత్తి చూపారు.

పట్టా ఉంది, పని లేదు

1888లో రే గారు స్వదేశానికి తిరిగి వచ్చారు. చేతిలో పెద్ద పట్టా ఉంది గాని ఉద్యోగం లేదు. విద్యాశాఖలో పై మెట్టు కొలువులు దొరలకే. అదే చదువు చదివిన భారతీయునికి కింది మెట్టు, తక్కువ జీతం. అప్పటికే కలకత్తాలో భౌతిక శాస్త్రం బోధిస్తున్న మిత్రుడు జగదీశ్ చంద్ర బోసు గారి ఇంట్లో కొంతకాలం తలదాచుకున్నారు. దాదాపు ఏడాది ఎదురుచూశాక 1889లో ప్రెసిడెన్సీ కాలేజీలో తాత్కాలిక ఉపాచార్య పదవి లభించింది. నెల జీతం 250 రూపాయలు. ఆయన అన్యాయమని మొరపెట్టుకుంటే, అంత తెలివిగలవారికి బతకడానికి వేరే దారులు లేవా అన్న అర్థం వచ్చే జవాబు పైఅధికారి నుంచి వచ్చిందట.

ఆ మాట ఆయనను బాధించింది, ఆలోచింపజేసింది కూడా. చుట్టూ చూస్తే బి.ఏ. పాసైన యువకులు గుమాస్తా పని కోసం ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరుగుతున్నారు. మరోవైపు దేశంలోని ముడి సరుకులు కారుచౌకగా ఓడలెక్కి పోతున్నాయి. అవే మందులుగా, రంగులుగా మారి పదింతల ధరకు తిరిగి వస్తున్నాయి. రసాయన శాస్త్రం తెలిసినవాడే ఈ గొలుసు తెంచకపోతే ఇంకెవరు తెంచుతారని ఆయన అనుకున్నారు.

నిమ్మకాయ ఓడించింది, ఎముక గెలిపించింది

అప్పర్ సర్క్యులర్ రోడ్డులోని 91వ నెంబరు అద్దె ఇల్లే ఆయన నివాసం, ఆయన ప్రయోగశాల. జీతంలో మిగుల్చుకున్న డబ్బే పెట్టుబడి. అది ఎనిమిది వందల రూపాయలకు మించదు. దానిలోనే తండ్రి చేసిన అప్పులకూ కొంత పంపాలి.

మొదట నిమ్మరసం నుంచి నిమ్మ ఉప్పు తీయబోయారు. కాయల ధరకు, వచ్చే సరుకుకు పొంతన కుదరలేదు. తరువాత సబ్బుమట్టి నుంచి సోడా తీశారు. సరుకు బాగానే వచ్చింది గాని, సీమ కంపెనీ సోడా బజారులో అంతకంటే చౌకగా దొరుకుతోంది. రెండు ప్రయత్నాలూ నష్టంతో ముగిశాయి.

అప్పుడు ఆయన కన్ను ఎముకల మీద పడింది. ఎముకలో భాస్వరం ఉంటుంది. ఎముకను కాల్చి బూడిద చేసి గంధకామ్లం పోస్తే, నీటిలో కరిగే సూపర్ ఫాస్ఫేటు తయారవుతుంది. మన రైతులు వరిచేలో చల్లే సూపర్ ఫాస్ఫేటు జాతి అదే. దానికి సోడా కలిపి శుద్ధి చేస్తే ఫాస్ఫేట్ ఆఫ్ సోడా అనే మందు వస్తుంది. ఎముకలా, కసాయి అంగళ్ల వద్ద కావలసినన్ని.

మాంసపు ముక్కలు ఇంకా అంటుకొని ఉన్న ఎముకలు గోనె సంచుల్లో తెప్పించి డాబా మీద ఎండబెట్టారు. అది జనవరి నెల. వాన పడే కాలం కాదు. కాని ఆ ఏడు పట్టిన ముసురు పదిహేను రోజులపాటు వదల్లేదు. ఎముకలు కుళ్లి పురుగులు పట్టాయి. కాకులు గుంపులుగా దిగి ఆ ముక్కలను తీసుకుపోయి ఇరుగు పొరుగు ఇళ్ల మీద వేశాయి. ఆచారపరులైన పొరుగువారు మండిపడ్డారు. వెంటనే తీసివేయకపోతే మునిసిపాలిటీ ఆరోగ్యాధికారికి ఫిర్యాదు చేస్తామన్నారు. దిక్కుతోచని రే గారికి మానిక్‌తలాలో ఆమ్లం తయారుచేసే ఒక పరిచయస్తుడు స్థలం ఇచ్చి ఆదుకున్నాడు. ఎముకలను ఇటుక బట్టీలాగా పేర్చి నిప్పు పెట్టారు. పోలీసులు వచ్చింది ఆ రాత్రే.

ఈ విధంగా 1892లో బెంగాల్ కెమికల్ సంస్థ ఆరంభమైంది. సాయంత్రం కాలేజీ వదలగానే రే గారు ఇంటికి వచ్చి కోటు విప్పి పొయ్యిల ముందు కూర్చునేవారు. మందుల దుకాణాలకు వెళ్లి మిశ్రమాలు కలిపే పద్ధతిని గమనించేవారు. తానే ఒక కొత్త శిష్యుడన్నట్టు నేర్చుకునేవారు.

ఇద్దరు మిత్రుల బలి

సరుకు తయారైతే చాలదు, కొనేవాడు కావాలి. సీమ చీటీ లేని సీసాను దుకాణదారులు ముట్టేవారు కాదు. ఆ సమయంలో డాక్టర్ అమూల్య చరణ్ బోసు ఆయనతో చేయి కలిపారు. పేరున్న వైద్యులు నీలరతన్ సర్కార్, రాధాగోవింద కర్ మొదలైనవారి చేత స్వదేశీ మందులు రాయించారు. అంతే కాదు, మన పల్లె వైద్యులకు తరతరాలుగా తెలిసిన మూలికలను కొత్త పద్ధతిలో సీసాలకెక్కించే ఆలోచనకు అమూల్య చరణ్ ప్రాణం పోశారు. దగ్గుకు అడ్డసరం, విరేచనాలకు కొడిసెపాల, జ్వరానికి, కాలేయానికి నేలవేము, అజీర్తికి వాము నీరు. పెరట్లో పెరిగే మొక్కలు, కొలత తప్పని మోతాదుతో దుకాణంలోకి వచ్చాయి.

సతీశ్ చంద్ర సింహా అనే యువకుడు రసాయన శాస్త్రంలో ఎం.ఏ. పాసై, సర్కారు కొలువు వెతుక్కోకుండా ఈ చిన్న కర్మాగారంలో చేరాడు. కష్టానికి వెనుదీయని మనిషి. పనిచేస్తూ ఉండగా హైడ్రోసయనిక్ ఆమ్లమనే ఘోర విషం సోకి ఆయన అకస్మాత్తుగా మరణించాడు. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే 1898లో ప్లేగు వచ్చింది. ప్లేగు రోగికి చికిత్స చేయబోయి డాక్టర్ అమూల్య చరణ్ ఆ జబ్బుకే బలి అయ్యారు.

కుడి భుజం ఒకటి, ఎడమ భుజం ఒకటి పోయినట్టయింది. ఒక వంక కాలేజీ, ఒక వంక అప్పులు, వేరొక వంక అరకొరగా నడుస్తున్న కర్మాగారం. మూసివేసి హాయిగా పంతులు పని చేసుకొంటే తప్పు పట్టేవారు లేరు. కాని మూసివేస్తే ఆ ఇద్దరి చావుకూ అర్థం లేకుండా పోతుందని ఆయన భావించారు. నడిపించారు.

పాదరసంలో పసుపు పచ్చని పలుకులు

ఈ గొడవల మధ్యనే ఆయన శాస్త్ర పరిశోధన సాగింది. ఒకసారి చల్లని పలుచని నత్రికామ్లంలో పాదరసం ఉంచారు. ఆయనకు కావలసింది వేరొక పాదరస లవణం. కాని పాత్రలో పసుపు పచ్చని చిన్న పలుకులు ఏర్పడ్డాయి. పరీక్షించి చూస్తే అది మెర్క్యురస్ నైట్రైట్ అని తేలింది. అటువంటి పదార్థం నిలకడగా ఉండదని అప్పటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం. 1896లో ఈ సంగతి అచ్చయి ఆయన పేరు విదేశాలకు పాకింది. ఆ తరువాత చాలా ఏళ్లపాటు నైట్రైట్ల మీదే కృషి చేశారు.

మన పూర్వీకుల రసాయన విద్య ఎంతటిదో తేల్చాలని పాత తాళపత్ర గ్రంథాలు తెప్పించి చదివారు. హిందూ రసాయన శాస్త్ర చరిత్ర మొదటి సంపుటం 1902లో వెలువడింది. అందులో రసవాది నాగార్జునుని పేరుతో ఉన్న గ్రంథానికి పెద్ద పీట వేశారు. ఈ నాగార్జునుడూ, మన కృష్ణాతీరంలోని నాగార్జునకొండతో ముడిపడిన బౌద్ధాచార్యుడూ ఒకరు కారని పండితులు చెబుతారు. పేరు మాత్రం మనకు చిరపరిచితమే. 1922లో రే గారు కలకత్తా విశ్వవిద్యాలయానికి పదివేల రూపాయలిచ్చి, రసాయన పరిశోధనకు నాగార్జునుని పేరనే బహుమతి ఏర్పాటు చేశారు.

ఇల్లు దాటిన కంపెనీ

1901లో సంస్థ లిమిటెడ్ కంపెనీగా మారింది. 1903లో రాజశేఖర్ బోసు అనే యువ రసాయనవేత్త చేరి, తరువాత కర్మాగార నిర్వహణను తన భుజాన వేసుకున్నారు. పరశురామ్ అనే కలం పేరుతో బెంగాలీలను కడుపుబ్బ నవ్వించిన రచయిత కూడా ఈయనే. ఎముకలు కాల్చిన మానిక్‌తలాలోనే 1905లో పెద్ద కర్మాగారం వెలసింది. అది వంగ విభజన ఏడు, స్వదేశీ ఉద్యమం రగులుకొన్న ఏడు. గంధకామ్లం సొంతంగా తయారు చేసుకోవడంతో కంపెనీకి వెన్నెముక ఏర్పడింది. మందులకూ, ఎరువుకూ, ఆమ్లాలకూ అదే ఆధారం. 1914లో ప్రపంచ యుద్ధం వచ్చి సీమ ఓడలు తగ్గినప్పుడు, ఏ సర్కారు కొలువిచ్చేందుకు తటపటాయించిందో ఆ సర్కారే ఈ కర్మాగారం సరుకు కోసం చూడవలసి వచ్చింది. 1920లో పానిహాటిలో, 1938లో బొంబాయిలో శాఖలు లేచాయి.

కాకినాడలో రే గారు

1901 చివర కలకత్తా వచ్చిన గాంధీజీతో గోఖలే గారి ఇంట రే గారికి పరిచయమైంది. తరువాత ఖద్దరు వ్రతం పట్టారు. 1922లో ఉత్తర బెంగాల్‌ను వరద ముంచినప్పుడు యువకులను వెంటబెట్టుకొని బియ్యం, బట్టలు పంచారు. 1923 డిసెంబరులో మన కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, ఖద్దరు ప్రదర్శనను ప్రారంభించింది రే గారే. మిల్లులాంటి కర్మాగారం నడిపే మనిషి రాట్నాన్ని మెచ్చుకోవడమేమిటని కొందరికి వింత. ఏడాదిలో కొన్ని నెలలు పని లేక కూర్చునే రైతు కుటుంబానికి రాట్నం నాలుగు డబ్బులు తెస్తుందని ఆయన లెక్క. కర్మాగారమైనా రాట్నమైనా చేతికి పని కల్పించడానికే.

ఒక గది, ఒక మంచం

1916లో ప్రెసిడెన్సీ కాలేజీ విడిచి విశ్వవిద్యాలయ సైన్సు కాలేజీలో చేరారు. 1919లో సర్ బిరుదు వచ్చింది. అరవై ఏళ్లు నిండిన 1921 నుంచి జీతం మొత్తం విశ్వవిద్యాలయానికే వదిలివేసి, 1936 వరకు పాఠాలు చెప్పారు. పెళ్లి చేసుకోలేదు. కాలేజీ పైన ఒక గది, ఒక మంచం, నాలుగు ముతక బట్టలు, పుస్తకాలు, చుట్టూ బీద విద్యార్థులు. అదే ఆయన సంసారం. మేఘనాద్ సాహా, సత్యేంద్రనాథ్ బోసు వంటివారు ఆయన శిష్యులు. 1924లో ఇండియన్ కెమికల్ సొసైటీ ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షుడు ఆయనే. 1944 జూన్ 16న ఆ గదిలోనే కన్ను మూశారు.

ఆయన తరువాత కంపెనీకి ఒడుదుడుకులు తప్పలేదు. నష్టాలలో కూరుకుపోతే 1977లో కేంద్ర ప్రభుత్వం నిర్వహణ చేపట్టి, 1980లో జాతీయం చేసింది. ఒక మనిషి పట్టుదలతో నిలిచిన సంస్థను ఆ మనిషి తరువాత నిలబెట్టడం ఎంత కష్టమో ఇది చెబుతుంది.

అయినా రే గారు వేసిన బాట పూడిపోలేదు. ఒకనాడు మందు సీసా కోసం సీమ ఓడ వైపు చూసిన దేశమే నేడు అనేక దేశాలకు మందులు పంపుతోంది. హైదరాబాదు, విశాఖపట్నం చుట్టుపక్కల మందుల కర్మాగారాలలో మన పల్లెల పిల్లలు వేల మంది పని చేస్తున్నారు. వారిలో ఎవరైనా ఒకరు ఆమ్లం పీపా దగ్గర నిలబడినప్పుడు, వానలో తడిసిన ఎముకల సంచులనూ, విషానికి బలైన సతీశ్ చంద్రనూ ఒక్కసారి తలచుకొంటే చాలు. పని పట్ల గౌరవమూ, ప్రాణం పట్ల జాగ్రత్తా రెండూ అలవడతాయి.